హాకీ స్ప్రెడ్ మార్కెట్లు: 1.5 గోల్స్ తేడాకు ధర ఎలా పుడుతుంది, డబ్బు ఎక్కడ జారిపోతుంది

ఇది ఏ హాకీ?

ఐస్ హాకీ. మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చటి మైదానం గుర్తొస్తాయి కాబట్టి ముందే చెబుతున్నాం. అమెరికా, కెనడాల్లో 32 జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ గురించే ఈ ప్రశ్నలన్నీ. ఆట 60 నిమిషాలు, 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. రెండు జట్లూ కలిపి సగటున 6 గోల్స్ చుట్టూ కొడతాయి. ఈ 6 అనే అంకెను గుర్తుంచుకోండి, మిగతాదంతా దాని మీదే నిలబడింది.

ప్రిడిక్షన్ మార్కెట్‌లో స్ప్రెడ్ అంటే ఏమిటి?

"డాలస్ స్టార్స్ 1.5 గోల్స్ కంటే ఎక్కువ తేడాతో గెలుస్తుందా?" ఇదీ ప్రశ్న. జవాబు అవును లేదా కాదు. ఒక్కో కాంట్రాక్ట్‌కు 1 సెంటు నుంచి 99 సెంట్ల దాకా ధర ఉంటుంది. మీరు కొన్న వైపు నిజమైతే డాలర్ వస్తుంది, కాకపోతే సున్నా.

డాలస్ 4-2తో గెలిస్తే తేడా 2, "అవును" వాళ్ళకు డాలర్. 3-2తో గెలిస్తే తేడా 1, "కాదు" వాళ్ళకు డాలర్. ఓడిపోయినా "కాదు" వాళ్ళకే. సగం గోల్ అంటూ ఉండదు కాబట్టి తేడా సరిగ్గా 1.5 కావడానికి వీల్లేదు, డబ్బు వెనక్కిచ్చేసే "సమానం" అనే ఫలితానికి తావే లేదు.

స్ప్రెడ్ అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి, కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. ఒకటి గోల్స్ తేడా. రెండోది కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే ఎడం. ఇక నుంచి మొదటిదాన్ని స్ప్రెడ్ అనీ, రెండోదాన్ని ఎడం అనీ రాస్తాం.

ఇండియాలో ఉండి ఇందులో డబ్బు పెట్టొచ్చా?

పెట్టొద్దు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్ళకు రెండేళ్ళు, 50 లక్షలు. డబ్బు చెల్లింపులకు సాయపడే సంస్థలకూ శిక్ష ఉంది. అవును-కాదు పద్ధతిలో నడిచిన ప్రోబో అప్పుడే డబ్బు ఆటలు ఆపేసింది. ఒపీనియన్ ట్రేడింగ్ తన నియంత్రణ కిందికి రాదనీ, అక్కడ మదుపరులకు రక్షణ ఉండదనీ సెబీ 2025 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది.

అంతకుముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలకు అడ్డుకట్ట వేశాయి. విదేశీ సైటుకు డబ్బు పంపుదామంటే విదేశీ మారకద్రవ్య చట్టమైన ఫెమా నిబంధనలు అడ్డొస్తాయి. వీపీఎన్ పెట్టుకుని ఖాతా తెరిచినవాళ్ళు డబ్బు వెయ్యడం వరకు బాగానే వేస్తారు, తియ్యబోయినప్పుడు గుర్తింపు కార్డు అడిగే దగ్గర ఇరుక్కుంటారు. ఆ డబ్బు కోసం ఫిర్యాదు చెయ్యడానికి కూడా దారి ఉండదు.

లెక్కలు నేర్చుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. కాగితం మీద ధరలు రాసుకుని ఒక సీజన్ గమనించినా విషయం పట్టుబడుతుంది.

అమెరికాలో, కెనడాలో ఉన్నవాళ్ళ సంగతి?

అమెరికాలో కాల్షీ లాంటి ఎక్స్ఛేంజీలు కమోడిటీ ఫ్యూచర్స్‌ను చూసే సీఎఫ్‌టీసీ అనుమతితో నడుస్తాయి. ఎన్‌హెచ్‌ఎల్ 2025 అక్టోబరులో కాల్షీతో, అలాంటిదే అయిన పాలీమార్కెట్‌తో బహుళ సంవత్సరాల లైసెన్సు ఒప్పందాలు చేసుకుంది. అయినా గొడవ తెగలేదు. ఇది స్పోర్ట్స్ బెట్టింగే, మా లైసెన్సు కావాల్సిందే అని నెవాడా, న్యూజెర్సీ, మేరీల్యాండ్ రాష్ట్రాల నియంత్రణ సంస్థలు 2025లో పట్టుబట్టాయి, వ్యవహారం కోర్టులకెక్కింది. వేర్వేరు కోర్టులు వేర్వేరుగా చెప్పాయి. కాబట్టి మీరున్న రాష్ట్రంలో ఈ వారం ఏం నడుస్తోందో చూసుకోకుండా డబ్బు వెయ్యకండి.

కెనడాలో చాలా ప్రావిన్సుల్లో 2017 డిసెంబరు నుంచి 30 రోజుల లోపు గడువున్న బైనరీ ఆప్షన్లను (అవును-కాదు అని తేలే కాంట్రాక్టులను) వ్యక్తులకు అమ్మడం మీద నిషేధం ఉంది. రాత్రి ఆటకు అవును-కాదు కాంట్రాక్ట్ అంటే గడువు ఒక్కరోజే కదా. టొరంటోలో ఉన్నవాళ్ళు అమెరికా వైపు బఫెలోలో ఉన్న స్నేహితుడి పేరు మీద ఖాతా నడిపే పని పెట్టుకోవద్దు. ఖాతా స్తంభిస్తే ఇద్దరి మధ్యా మాట పోతుంది, డబ్బూ పోతుంది.

స్పోర్ట్స్‌బుక్ (పందేలు కట్టించుకునే సంస్థ) పెట్టే పక్ లైన్‌కూ, అంటే 1.5 గోల్స్ తేడా పందేనికీ, దీనికీ తేడా ఏమిటి?

ప్రశ్న ఒకటే, అవతలి మనిషి వేరు. స్పోర్ట్స్‌బుక్‌లో రేటు బుకీ చెబుతాడు, మీరు ఓడితే ఆ డబ్బు అతనిది. ఇక్కడ మీకు ఎదురుగా ఉండేది మరో ట్రేడర్. మీరు "అవును"ను 38 సెంట్లకు అడిగితే, "కాదు"ను 62కు కొనేవాడు దొరకాలి. 38, 62 కలిస్తే డాలర్. ఆ జత కుదిరినప్పుడే కాంట్రాక్ట్ పుడుతుంది. ఎక్స్ఛేంజీ ఫీజు తీసుకుని పక్కన ఉంటుంది. ఎదుటివాడు ఎక్కువసార్లు మీలాంటి అభిమాని కాదు, కంప్యూటర్‌తో రోజంతా ధరలు పెట్టే మార్కెట్ మేకర్.

ఇంకో తేడా, మీరు గెలుస్తున్నారని బుకీ మీ పరిమితి తగ్గించేస్తాడు. ఎక్స్ఛేంజీకి ఆ అవసరం లేదు.

అన్ని ఆటల్లో లైను మారుతుంది, హాకీలో ఎప్పుడూ 1.5 ఎందుకు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బలమైన జట్టుకు 3, 7, 10 పాయింట్లు అంటూ లైను మారుస్తారు. 6 గోల్స్ ఆటలో అలా మార్చడానికి చోటు లేదు. లైను 1.5 దగ్గరే నిలబెట్టి, జట్ల బలాబలాలను ధరలోకి తోస్తారు. బలమైన జట్టు బలహీనమైనదాన్ని సొంత ఊళ్ళో ఆడితే 1.5 "అవును" 45 దాటొచ్చు, సమ ఉజ్జీలైతే 25 దగ్గర ఉండొచ్చు. ఎక్స్ఛేంజీల్లో 2.5 లాంటి మెట్లు కూడా ఉంటాయి.

మెట్ల మధ్య ఒక లెక్క ఎప్పుడూ తప్పకూడదు. గెలుపు ధర (తేడాతో పనిలేకుండా జట్టు గెలుస్తుందా అన్న కాంట్రాక్ట్ ధర) కంటే 1.5 ధర తక్కువ ఉండాలి, 1.5 కంటే 2.5 తక్కువ ఉండాలి. తలకిందులుగా కనిపిస్తే ఎవరో పాత ఆర్డర్ మరిచిపోయారని అర్థం.

ఓవర్‌టైమ్‌కు వెళితే ఏమవుతుంది?

1.5 "అవును" చచ్చిపోతుంది. ఇది మినహాయింపు లేని నియమం. ఈ మార్కెట్ల గురించి ఒక్కటే నేర్చుకోవాలంటే దీన్ని నేర్చుకోండి.

రెగ్యులర్ సీజన్‌లో 60 నిమిషాలకు స్కోరు సమంగా ఉంటే 5 నిమిషాల ఓవర్‌టైమ్, అటు ముగ్గురు ఇటు ముగ్గురు స్కేటర్లు. గోల్ పడగానే ఆట అయిపోతుంది. పడకపోతే షూటౌట్. షూటౌట్‌లో ఎన్ని కొట్టినా గెలిచిన జట్టు స్కోరుకు ఒక్క గోలే కలుస్తుంది: 3-3 ఆట 4-3గా నమోదవుతుంది. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ ఉండదు, ఐదుగురితో ఐదుగురు 20 నిమిషాల పీరియడ్లు గోల్ పడేదాకా ఆడతారు. అక్కడ కూడా మొదటి గోల్‌తో ఆట ఖతం. ఏ దారిలో వెళ్ళినా తేడా 1.

ఎన్‌హెచ్‌ఎల్ ఆటల్లో ఐదింట ఒకటి, కొన్ని సీజన్లలో అంతకంటే ఎక్కువే ఓవర్‌టైమ్‌కు వెళతాయి. అంటే జట్టు ఎంత గొప్పదైనా ఆ భాగం ముందే "కాదు" ఖాతాలో పడిపోయింది. పైగా పాయింట్ల పద్ధతి దీన్ని ఇంకా పెంచుతుంది. గెలుపుకు 2 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడినా 1 పాయింట్. మూడో పీరియడ్ చివర్లో స్కోరు సమంగా ఉంటే ఆ ఒక్క పాయింట్ జేబులో వేసుకుందామని రెండు జట్లూ జాగ్రత్తపడతాయి. ప్లేఆఫ్స్‌లో ఈ ఆశ ఉండదు.

గెలుపు ధర 60, 1.5 ధర 36. ఈ రెండిటి మధ్య 24 సెంట్లలో ఏముంది?

సరిగ్గా ఒక గోల్ తేడాతో గెలిచే అవకాశం. ఉదాహరణకు, డాలస్‌కు మొత్తం గెలుపు అవకాశం 60 అనుకుందాం. అందులో ఓవర్‌టైమ్, షూటౌట్ గెలుపులు 12. మిగిలిన 48లో 60 నిమిషాల్లోనే ఒక్క గోల్‌తో గెలిచేవి మరో 12. రెండు లేదా అంతకంటే ఎక్కువ తేడాతో గెలిచేవి 36. ధరలు ఇలా విడదీసి రాసుకోవడం అలవాటైతే ఏది ఖరీదుగా ఉందో కళ్ళకు కనిపిస్తుంది.

ఈ 24ను విడిగా కొనొచ్చు కూడా. డాలస్ గెలుపు "అవును" 60కి, 1.5 "కాదు" 64కి కొనండి, వంద చొప్పున. ఖర్చు 124 డాలర్లు. డాలస్ ఓడితే 1.5 "కాదు" గెలుస్తుంది, 100 వస్తాయి. రెండు గోల్స్‌తో గెలిస్తే గెలుపు కాంట్రాక్ట్ 100 ఇస్తుంది. ఒక్క గోల్‌తో గెలిస్తే రెండూ గెలుస్తాయి, 200. అంటే 24 పెట్టి 100 కోసం ఆడినట్టు. ఫీజు కలిపితే 27.30 అవుతుంది, అప్పుడు 24 శాతం అవకాశం సరిపోదు, 27.3 శాతం కావాలి. కాగితం మీద అందంగా కనిపించే చాలా ఎత్తులు ఈ మూడు డాలర్ల ముప్పై సెంట్ల దగ్గరే కూలతాయి.

ఫీజు అంత పడుతుందా? ఎలా లెక్కకడతారు?

కాల్షీలో చాలా మార్కెట్లకు వర్తించిన సూత్రం ఇది: 0.07 ఇంటూ కాంట్రాక్టుల సంఖ్య ఇంటూ ధర ఇంటూ (1 తీసివేత ధర), వచ్చినదాన్ని పై సెంటుకు సవరించాలి. ధరను డాలర్లలో తీసుకోవాలి. మధ్యలో, 50 సెంట్ల దగ్గర ఫీజు అత్యధికం: వందకు 1.75 డాలర్లు. అంచుల దగ్గర తక్కువ. ఫీజు పట్టికలు మారుతుంటాయి, ఆర్డర్ పెట్టేముందు తెర మీద చూపే మొత్తమే చివరి మాట.

38 సెంట్లకు వంద "అవును" కొన్నారనుకోండి. ధర 38 డాలర్లు, ఫీజు 1.65. జేబులోంచి పోయింది 39.65. గెలిస్తే లాభం 60.35. అంటే మీ లాభనష్టాల గీత 38 శాతం దగ్గర కాదు, 39.65 దగ్గర ఉంది. అమెరికన్ రేట్లు అలవాటైనవాళ్ళకు చెప్పాలంటే +163 అనుకుని కొన్నది నిజానికి +152.

ఆట మధ్యలో అమ్మితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అదే వందను 45కు అమ్మారు. పైకి 7 డాలర్ల లాభం. కొన్నప్పుడు 1.65, అమ్మినప్పుడు 1.74, మొత్తం 3.39 ఫీజు. మిగిలింది 3.61. సగానికి దగ్గరగా పోయింది. తీర్పు దాకా ఉంచుకుంటే రెండో ట్రేడ్ ఉండదు కాబట్టి రెండో ఫీజూ ఉండదు.

ఆర్డర్ ఎలా పెట్టాలి?

లిమిట్ ఆర్డరే పెట్టాలి, అంటే ఇంతకంటే ఎక్కువ ఇవ్వను అని ధర చెప్పాలి. దొరికిన ధరకు వెంటనే కొనే మార్కెట్ ఆర్డర్ హాకీ స్ప్రెడ్‌కు పనికిరాదు, కారణం చూడండి.

తెర మీద ఇలా ఉందనుకుందాం. "అవును" అమ్మేవాళ్ళు: 38కి 60 కాంట్రాక్టులు, 40కి 150, 43కి 500. కొనేవాళ్ళు: 36కి 80, 34కి 200. మీకు 200 కావాలి. మార్కెట్ ఆర్డర్ కొడితే 60 మాత్రమే 38కి వస్తాయి, తర్వాత 140 ఒక్కోటి 40కి. సగటు 39.4. తెర మీద పెద్దక్షరాలతో కనిపించిన 38 మీకు మొదటి 60కే దక్కింది.

దాని బదులు 37కు లిమిట్ పెట్టి కూర్చుంటే ఎవరైనా తొందరపడి అమ్మినప్పుడు దొరుకుతుంది. దొరక్కపోనూవచ్చు. ఇలా పుస్తకంలో (వచ్చిన ఆర్డర్ల జాబితాలో) కూర్చునే ఆర్డర్లకు ఫీజు చాలా చోట్ల తక్కువ, కొన్ని మార్కెట్లలో అసలు ఉండదు. "కాదు" వైపు ధర విడిగా వెతకనక్కర్లేదు. "అవును"ను 36కి కొనేవాడు ఉన్నాడంటే "కాదు" 64కి దొరుకుతుందని అర్థం.

ఎడం 2 సెంట్లుంటే పర్లేదు. 5 దాటితే ఆ ఆటను వదిలెయ్యడమే మేలు. ఉదయం పూట పుస్తకం పలచగా ఉంటుంది, ఆటకు గంటా రెండు గంటల ముందు నిండుతుంది.

అవతలి జట్టుకు +1.5 కావాలి. జాబితాలో ఆ జట్టు పేరు మీద "1.5 కంటే ఎక్కువ తేడాతో గెలుస్తుంది" కనిపిస్తోంది. అదేనా?

కాదు! ఈ పొరపాటు అన్నిటికంటే ఎక్కువ జరుగుతుంది, అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొడుతుంది. డాలస్, న్యూజెర్సీ డెవిల్స్ ఆడుతున్నాయి. ఫలితాలు నాలుగు రకాలు: డాలస్ రెండు లేదా ఎక్కువ తేడాతో, డాలస్ ఒకటితో, న్యూజెర్సీ ఒకటితో, న్యూజెర్సీ రెండు లేదా ఎక్కువ తేడాతో గెలవడం. మీకు న్యూజెర్సీ +1.5 కావాలంటే మొదటిది తప్ప మిగతా మూడూ మీవి కావాలి. అంటే డాలస్ 1.5 మీద "కాదు" కొనాలి. న్యూజెర్సీ 1.5 మీద "అవును" కొంటే నాలుగోది ఒక్కటే మీది.

ధర చూస్తే పట్టుకోవచ్చు. బలహీన జట్టుకు +1.5 అంటే మామూలుగా 60 పైన ఉంటుంది. 20 కనిపిస్తే మీరు తప్పు గదిలో ఉన్నారు.

గోలీని (గోల్‌కీపర్‌ను) బయటికి పిలిచినప్పుడు ధర ఎందుకు అలా ఎగిరిపడుతుంది?

హాకీ స్ప్రెడ్ అసలు ఆట ఇక్కడే ఉంది, కాబట్టి దీని దగ్గర కాస్త నిలబడదాం.

డాలస్ 3-2 ఆధిక్యం. గడియారంలో 2 నిమిషాల 10 సెకన్లు. న్యూజెర్సీ పక్‌ను (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళను) తన అధీనంలోకి తెచ్చుకుంది. గోలీ వల వదిలి బెంచీ వైపు పరుగు తీస్తాడు, అతని బదులు ఆరో స్కేటర్ దిగుతాడు. ఇప్పుడు న్యూజెర్సీ వల ఖాళీ. ఓడిపోతున్న జట్టుకు ఒక గోల్‌తో ఓడినా నాలుగుతో ఓడినా ఒకటే, అందుకే ఈ తెగింపు. స్ప్రెడ్ కొన్నవాళ్ళకు మాత్రం ఒకటీ రెండూ ఒకటే కాదు.

దారులు మూడు. న్యూజెర్సీ గోల్ కొడితే 3-3, ఓవర్‌టైమ్ తలుపు తెరుచుకుంది, "అవును" 1-2 సెంట్లకు పడిపోతుంది. ఎవరూ కొట్టకపోతే 3-2, "కాదు" గెలిచింది. డాలస్ పక్ లాక్కుని ఖాళీ వలలోకి నెడితే 4-2, "అవును" తొంభైల్లోకి దూకుతుంది.

తొంభైల్లోకి అన్నాం గానీ 99కి అనలేదు. కారణం, 4-2 అయినా న్యూజెర్సీ మళ్ళీ గోలీని తీస్తుంది. 40 సెకన్లలో ఒకటి కొడితే 4-3, "అవును" మళ్ళీ నేలమీద. 96కు కొని "అయిపోయిందిలే" అనుకున్నవాళ్ళు 4 సెంట్ల కోసం 96 పోగొట్టుకునే దారి ఇదే.

లోపల ఇంకో సూక్ష్మం ఉంది. ఆధిక్యంలో ఉన్న జట్టు తన సగం నుంచి ఖాళీ వలకు గురిపెట్టి తప్పితే ఐసింగ్ అనే తప్పు అవుతుంది. పక్ మళ్ళీ తన గోల్ ముందుకే వస్తుంది, అలసిన ఆటగాళ్ళను మార్చుకునే వీలు కూడా ఉండదు. అందుకే చాలామంది ముందు మధ్య ఎర్రగీత దాటించి అప్పుడు కొడతారు. గీత దాటక ముందే కొట్టే తెగువ ఉన్న జట్టేదో, దాటేదాకా ఆగే జట్టేదో ఆటలు చూస్తే తెలుస్తుంది. ఖాళీ వలకు దూసుకెళ్తున్న ఆటగాణ్ణి వెనకనుంచి పడగొడితే, షాట్ పడకపోయినా రెఫరీ గోల్ ఇచ్చేస్తాడు. అది కూడా స్కోరులో గోలే.

గోలీని ఎప్పుడు తీస్తారన్నది కోచ్‌ను బట్టి ఉంటుంది. ఒక గోల్ వెనకబడితే సాధారణంగా చివరి రెండు మూడు నిమిషాల్లో, రెండు వెనకబడితే ఇంకా ముందు. 2013-14లో కొలరాడో కోచ్‌గా పాట్రిక్ రువా అప్పటి అలవాటు కంటే చాలా ముందే తీసి అందరినీ ఆశ్చర్యపరిచాడు. ఇప్పుడు లీగంతా ఆ దారిలోకి వచ్చింది. ఖాళీ వల గోల్స్‌లో రికార్డు అలెక్స్ ఒవెచ్కిన్‌ది, 2024లో వేన్ గ్రెట్జ్కీ 56ను దాటాడు. కోచ్ ఎంత త్వరగా గోలీని తీస్తే ఒక గోల్ తేడా ఆటలు అంతగా అటో ఇటో చీలిపోతాయి. మీ లెక్కలో పాత సీజన్ల అంకెలు వాడేముందు ఇది సరిచూసుకోండి.

ఆట నడుస్తుండగా ట్రేడ్ చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు గానీ మీ టీవీ కంటే మార్కెట్ ముందుంటుంది. స్ట్రీమింగ్ యాప్‌లో బొమ్మ 20 నుంచి 40 సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అరీనాలో కూర్చున్నవాడూ, నేరుగా డేటా అందుకునే కంప్యూటరూ గోల్ చూసేశాక కూడా మీ తెర మీద పక్ ఇంకా మధ్యగీత దగ్గరే ఉంటుంది. మీరు పుస్తకంలో వదిలేసిన 37 ఆర్డర్ అకస్మాత్తుగా పూర్తయిందంటే సంతోషించకండి. అవతలివాడికి ఏదో తెలిసింది.

పక్ పడేముందే మీ పాత ఆర్డర్లన్నీ రద్దు చెయ్యండి. ఆట మొదలవగానే ఆర్డర్ దానంతటదే రద్దయ్యే ఏర్పాటు ఉంటే దాన్ని ఎంచుకోండి.

గోల్ పడ్డాక కూడా ఆగాలి. ఆఫ్‌సైడ్ అనో, గోలీని అడ్డుకున్నారనో కోచ్ చాలెంజ్ చేస్తే టొరంటోలోని సమీక్ష గది చూస్తుంది. రెండు మూడు నిమిషాల తర్వాత గోల్ రద్దవుతుంది, ధర వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

ఆటకు ముందు ఏం చూడాలి?

అన్నిటికంటే ముందు గోలీ. ఆట రోజు ఉదయం ప్రాక్టీసులో ఎవరు మొదట మంచు వదిలి బయటికి వెళ్ళారో చూసి ఆ రాత్రి గోలీ ఎవరో విలేకరులు చెబుతారు, సాయంత్రానికి ఖరారవుతుంది. ప్రధాన గోలీ బదులు రెండో గోలీ అని తెలియగానే ధర చాలా సెంట్లు కదులుతుంది. వరుసగా రెండు రాత్రులు ఆడే జట్టు చాలాసార్లు ఒక ఆటకు రెండో గోలీని పెడుతుంది. ఖరారు కాకముందు కొంటే మీరు కొన్నది గోలీ మీద పందెం, జట్టు మీద కాదు.

తర్వాత మొత్తం గోల్స్ లైను. ఎక్కువ గోల్స్ పడతాయని మార్కెట్ అనుకునే ఆటలో తేడాలు కూడా పెద్దవవుతాయి. గెలుపు ధర ఒకటే అయినా, మొత్తం 6.5 ఉన్న ఆటలో 1.5 "అవును" విలువ, 5.5 ఉన్న ఆటలో కంటే ఎక్కువ.

ఎన్ని కాంట్రాక్టులు కొనాలి?

మీ అంచనా 42 శాతం, ఫీజుతో ఖరీదు 39.65 అనుకుందాం. నిధిలో ఎంత పెట్టాలో చెప్పే కెల్లీ సూత్రం ప్రకారం (0.42 తీసివేత 0.3965) భాగించు 0.6035, అంటే మొత్తం నిధిలో దాదాపు 3.9 శాతం. వెయ్యి డాలర్ల మీద 39. ఇది మీ 42 అక్షరాలా నిజమైతేనే. మీ అంచనా రెండు శాతం తప్పితే ఆధిక్యమే దాదాపు మాయమవుతుంది. అందుకే నాలుగో వంతు, అంటే 10 డాలర్ల లోపు, 25 కాంట్రాక్టులు చాలు.

అంచనాకు కారణం రాయలేకపోతే సున్నా కాంట్రాక్టులు.

పోయింది రాబట్టుకోవాలనే తపన ఆగకపోతే?

ఎక్స్ఛేంజీలో ఖాతాను మీరే కొంతకాలం మూసుకునే ఏర్పాటు ఉంటుంది, ఆ రాత్రే వాడండి. రాత్రికి పదేసి ఆటలుండే లీగ్ ఇది, వరుసలో తర్వాతి ఆట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అమెరికాలో 1-800-426-2537కు, ఇండియాలో టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు. 14416లో తెలుగులో మాట్లాడతారు.

ఇండియా టైములో ఆటలు ఎప్పుడు?

తూర్పు తీరంలో రాత్రి 7 గంటల ఆట, మనకు చలికాలంలో తెల్లారి 5:30. అక్కడ గడియారాలు నవంబరు మొదటి ఆదివారం వెనక్కి, మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి. ఆ ముందూ వెనకా రోజుల్లో 4:30.

తీర్పు ఎవరు చెబుతారు? వివాదం వస్తే?

కాల్షీలో ప్రతి మార్కెట్‌కూ నియమాల పత్రం ఉంటుంది, అందులో చెప్పిన ఆధారాన్ని బట్టి ఎక్స్ఛేంజీయే తీర్పిస్తుంది. పాలీమార్కెట్ అంతర్జాతీయ వేదికలో యూఎంఏ అనే ఒరాకిల్ పద్ధతి ఉంది: ఒకరు ఫలితాన్ని ప్రతిపాదిస్తారు, గడువులోపు ఎవరైనా బాండు కట్టి సవాలు చెయ్యొచ్చు, తెగకపోతే టోకెన్ ఉన్నవాళ్ళ ఓటుకు వెళుతుంది.

పత్రంలో మూడు వాక్యాలు వెతకండి. ఒకటి, ఓవర్‌టైమ్, షూటౌట్ కలుస్తాయా, లేక 60 నిమిషాల స్కోరేనా. 60 నిమిషాల మార్కెట్‌లో గెలుపు 60 సెంట్లకు కొని, ఆట షూటౌట్‌లో గెలిచాక "నా డాలర్ ఏది?" అని అడిగేవాళ్ళు ప్రతి సీజన్‌లో ఉంటారు. రెండు, ఆట వాయిదా పడితే ఎన్ని రోజులు తెరిచి ఉంచుతారు, ఆ తర్వాత ఏ ధరకు మూస్తారు. మూడు, ఆట మధ్యలో ఆగిపోతే ఏమిటి. స్పోర్ట్స్‌బుక్‌లలో 55 నిమిషాలు ఆడితే చాలు అనే నియమం తరచూ కనిపిస్తుంది. దాన్ని ఇక్కడికి మోసుకురాకండి, ఇక్కడి పత్రం ఏం చెబితే అదే.

ఆట ముగిసిన వెంటనే డబ్బు పడకపోతే కంగారుపడక్కర్లేదు, అధికారిక స్కోరు ఖరారయ్యేదాకా ఆగుతారు. ఈలోగా 98, 99కి అమ్మేసి బయటపడేవాళ్ళు ఉంటారు. అమ్మేముందు ఆ ఒకటీ రెండు సెంట్లతోపాటు ఫీజు కూడా లెక్కేసుకోండి. వందకు 98 చొప్పున అమ్మితే 14 సెంట్లు ఫీజు, చేతికొచ్చేది 97.86. ఒక్క గంట ఆగితే అదే వంద.